పన్నెండున్నర శాతమంటే ఐదుగురు పిల్లలు

ప్రధానోపాధ్యాయులు గారికి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకు,

నమస్కారం.

పోయిన సోమవారం మా పాప బ్యాగులో, పుస్తకాల అడుగున నలిగిపోయి ఒక కాగితం దొరికింది. మీ సర్క్యులర్. చేత్తో సాఫు చేసుకుని చదివాను. ఏడాదికోసారి జరిగే ప్రామాణిక పరీక్షలో మన బడి నాలుగో తరగతి గణితం ఫలితం "72.5 శాతం నుంచి 60 శాతానికి పడిపోయింది, ఇది తీవ్ర ఆందోళన కలిగించే విషయం" అని మొదటి పేరాలో ఉంది. తల్లిదండ్రులకు శ్రద్ధ లేకపోవడమే కారణమని రెండో పేరాలో ఉంది. ఇక నుంచి రోజూ చివరి రెండు పీరియడ్లు టెస్ట్ ప్రాక్టీసుకే కేటాయిస్తామనీ, పిల్లల్ని ఏ, బీ, సీ గ్రూపులుగా విడదీశామనీ, లైబ్రరీ పీరియడ్‌నూ ఆటల పీరియడ్‌నూ "తాత్కాలికంగా" ఆపేశామనీ మూడో పేరాలో ఉంది. కింద సంతకం, స్టాంపు.

ఆఫీసుకొచ్చి మాట్లాడితే పోయేదానికి ఇలా పదిమందిలో పెట్టడం ఎందుకంటారేమో. వచ్చానండీ, రెండుసార్లు. మొదటిసారి మీరు మీటింగులో ఉన్నారు. రెండోసారి "అందరికీ ఒకటే రూలమ్మా" అన్నారు. రూలు అందరిదీ కాబట్టి అందరూ చదివేలాగే రాస్తున్నాను.

నాది ఆడిట్ ఉద్యోగం. అంకె కనబడితే దాని వెనకాల వోచర్ ఏదని అడగడం ఇన్నేళ్లలో నాకో జబ్బులా పట్టుకుంది. ఇంట్లోవాళ్లు కూడా విసుక్కుంటారు. మీ సర్క్యులర్ చదవగానే చెయ్యి అలవాటుగా కాలిక్యులేటర్ మీదికి వెళ్లింది. మన బడిలో నాలుగో తరగతికి ఒకటే సెక్షన్. పోయినేడు 40 మంది, ఈసారీ 40 మందే. మీ శాతం అంటే పరీక్షలో స్థాయి అందుకున్న పిల్లల వంతు. 40లో 72.5 శాతం అంటే 29 మంది. 60 శాతం అంటే 24 మంది. మీరు తీవ్ర ఆందోళన అన్నది ఐదుగురు పిల్లల గురించి.

ఐదుగురే కదా అని తీసిపారేయడం లేదు. ఐదుగురు అన్నప్పుడు వాళ్లెవరు, ఏమైంది అని అడగబుద్ధేస్తుంది. పన్నెండున్నర శాతం అన్నప్పుడు ఎవర్నో ఒకర్ని తిట్టబుద్ధేస్తుంది. ఆ రెండో పేరా అలా పుట్టిందేనని నా అనుమానం.

అసలు "పడిపోయింది" అన్న మాట దగ్గరే నాకు పేచీ. పోయినేడు నాలుగులో ఉన్న పిల్లలు ఈసారి రాసింది ఐదో తరగతి పరీక్ష. ఈసారి నాలుగో తరగతి పరీక్ష రాసింది వేరే 40 మంది. ఎవరూ ఎక్కడి నుంచీ పడలేదు. ఒక కంపెనీ పోయినేటి లాభాన్ని ఇంకో కంపెనీ ఈ ఏటి లాభం పక్కన పెట్టి "తగ్గింది" అని నేను రిపోర్టు రాస్తే నా ఉద్యోగం ఉండదు. పోయినేటి ఆ 29 మంది ఐదో తరగతికొచ్చాక ఎలా రాశారో మీ దగ్గర లెక్క ఉండే ఉంటుంది. బడి బాగా చెబుతోందో లేదో తేలేది అక్కడే. సర్క్యులర్‌లో దాని ఊసే లేదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్లి పాత వార్షిక నివేదిక తిరగేశాను. అంతకు ముందటి ఏడు నాలుగో తరగతిలో స్థాయి అందుకున్నది 40కి 26 మంది. అంటే వరస 26, 29, 24. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని కాసేపు చూడండి. 29 వచ్చినప్పుడు గేటుకి బ్యానర్ కట్టారు, 24 వచ్చినప్పుడు సర్క్యులర్ పంపారు. నన్నడిగితే రెండూ అనవసరమే.

ఒక రూపాయి బిళ్ల తీసుకుని 40 సార్లు ఎగరేయండి. బొమ్మ సరిగ్గా 20 సార్లే పడాలని లేదు, 17 పడొచ్చు, 23 పడొచ్చు. మళ్లీ 40 సార్లు ఎగరేస్తే మొదటిసారికీ ఇప్పటికీ నాలుగైదు తేడా రావడం చాలా మామూలు. మధ్యలో బిళ్ల శ్రద్ధ తగ్గిందని ఎవరూ అనరు. పిల్లలు బిళ్లలు కారు, నిజమే. కానీ ఒక ఏడు తరగతిలో ఎవరెవరు చేరారు, పరీక్ష రోజు ఎవరికి జ్వరమొచ్చింది, పేపర్లో ఏ ప్రశ్న పడింది అన్నవి కూడా మన చేతిలో లేనివే. చిన్న తరగతిలో ఇవే అంకెను అటూ ఇటూ ఊపేస్తాయి. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని నార్త్ కరోలినా ప్రాథమిక బడుల మార్కులు తీసి 2002లో దీన్ని విడమరిచి చూపించారు. మార్కుల పట్టికలో అన్నిటికన్నా పైన చిన్న బడులే ఎక్కువ, అన్నిటికన్నా అడుగునా చిన్న బడులే ఎక్కువ. చిన్న బడులు గొప్పవనీ కాదు, చెడ్డవనీ కాదు. పిల్లలు తక్కువమంది ఉన్నచోట సగటుకి నిలకడ ఉండదు, అంతే. పట్టిక పైభాగం ఒక్కటే చూసి, చిన్న బడైతే చాలు బాగుపడిపోతుందని పెద్ద బడుల్ని చీల్చడానికి అక్కడ బోలెడు డబ్బు తగలేశారని హోవార్డ్ వైనర్ అనే గణాంకవేత్త 2007లో ఒక వ్యాసం రాశాడు.

ఇందులో ఇంకో తిరకాసుంది. బాగా తగ్గిన ఏడాది తర్వాత అంకె తనంతట తానే కాస్త పైకి రావడం సహజం. పొడుగాటి తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలు సగటున వాళ్లంత పొడుగు ఉండరని 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ చూపింది ఈ గుణాన్నే. అంటే మీరు ఏమీ చేయకపోయినా వచ్చే ఏడు 26 రావడానికి మంచి అవకాశం ఉంది. వచ్చిందే అనుకోండి, చూశారా, ప్రాక్టీసు పనిచేసింది అంటారు. లైబ్రరీ పీరియడ్ ఇక తిరిగి రాదు. నా భయం అసలు ఇదే.

ఇక వోచర్ల సంగతికొద్దాం.

పాప జవాబు పత్రం చూపించమని అడిగితే మీ ఆఫీసు సిబ్బంది అరగంట చూసుకోనిచ్చారు. వాళ్లకు కృతజ్ఞతలు. ప్రశ్నాపత్రం, ఓఎంఆర్ షీటు రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. 40 బిట్లు. 24 మార్కులు వస్తే స్థాయి అందుకున్నట్టు. మా పాపకు 20. అంటే స్థాయి అందుకోని 16 మందిలో మా పాప కూడా ఉంది.

13 దాకా అంతా బాగానే ఉంది. 14వ ప్రశ్న కష్టంగా ఉందని వదిలేసింది, ప్రశ్నాపత్రం మీద దానికి పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుంది, తర్వాత చూద్దామని కాబోలు. ఆ తర్వాత 15వ ప్రశ్న జవాబును తీసుకెళ్లి 14వ గడిలో దిద్దింది. 16ది 15లో. అలా 23 దాకా అన్నీ ఒక గడి పైకి జరిగిపోయాయి. 24 దగ్గర ఏం తట్టిందో గాని, ఒక గడి ఖాళీగా వదిలి మళ్లీ దారిలో పడింది. అప్పటికి దిద్దినవి తొమ్మిది. వెనక్కి వెళ్లి చెరపడానికి ప్రయత్నించినట్టుంది, 15వ గడి దగ్గర కాగితం పలచబడి వెనకాల గీతలు కనబడుతున్నాయి. టైమ్ చాలలేదో, భయమేసిందో, వదిలేసింది. ఆ తొమ్మిదినీ ఒక గడి కిందికి దింపి చూసుకుంటే ఏడు సరైన జవాబులు. జరిగిపోయిన చోట మిషను వాటిలో ఒక్కదానికి మార్కు వేసింది, అదీ గుడ్డిగా. 20లోంచి ఆ ఒకటి తీసేసి ఏడు కలిపితే 26.

తొమ్మిదేళ్ల పిల్ల గడులు తప్పింది. మీ పట్టికలో అది "గణితంలో స్థాయి అందుకోలేదు" అయింది. మీ ఐదుగురిలో ఒకరి లెక్క ఇలా తేలింది. మిగతా నలుగురి షీట్లు ఎవరైనా తెరిచి చూశారా?

మా పాప లెక్కల్లో పులి అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఎందుకంటే అదే కాగితంలో ఇంకోటి కూడా కనబడింది. భిన్నాల మీద నాలుగు బిట్లున్నాయి. నాలుగూ తప్పే, నాలుగూ ఒకే రకం తప్పు. 1/5, 1/8లలో ఏది పెద్దదంటే 1/8 అంది. 1/3 కన్నా 1/4 పెద్దదంది. ఇంటికొచ్చాక అడిగాను. "అయిదు కన్నా ఎనిమిది పెద్దది కదమ్మా" అంది, అంత తేలిక విషయం నాకెందుకు తెలియడం లేదన్నట్టు చూస్తూ. క్యాలెండర్ వెనక కాగితం నుంచి 40 సెంటీమీటర్ల పట్టీలు రెండు కత్తిరించాను. ఒకదాన్ని ఐదు భాగాలు చేయమన్నాను, ఇంకోదాన్ని ఎనిమిది. స్కేలు పెట్టి గీసుకుని కత్తిరించింది. ఒక ముక్క 8 సెంటీమీటర్లు, ఇంకో ముక్క 5. రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత "ఎక్కువమందికి పంచితే తక్కువొస్తుంది" అంది. నాతో కాదు, ముక్కలతో. మొత్తం పావుగంట పట్టింది.

పరీక్ష వల్ల నాకు జరిగిన మేలు ఇది, ఒప్పుకుంటున్నాను. ఆ నాలుగు బిట్లు లేకపోతే పిల్ల భిన్నాల దగ్గర బోల్తా పడుతోందని నాకు తెలిసేదే కాదు, రోజూ హోంవర్క్ చేయించేదాన్ని నేనే అయినా. కాబట్టి టెస్టులు వద్దనే గుంపులో నన్ను కలపకండి. టీచర్ల అభిప్రాయం మీదే అంతా వదిలేస్తే నెమ్మదస్తులైన పిల్లలు వెనక బెంచీల్లో మాయమైపోతారు. టెస్టు అందర్నీ ఒకే ప్రశ్న అడుగుతుంది, దాని విలువ దానికుంది. నా గొడవల్లా ఒకటే. ఆ కాగితంలో విలువైనదంతా తప్పుల్లో ఉంది, మీరు తప్పులు పారేసి శాతం ఒక్కటీ ఉంచుకున్నారు.

1980ల మొదట్లో అమెరికా జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఒక సైనిక బస్సులో 36 మంది పడతారు, 1128 మంది సైనికుల్ని తీసుకెళ్లడానికి ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం పిల్లలు భాగహారం తప్పులేకుండా చేశారు. 32 బస్సులు అన్నవాళ్లు 23 శాతమే. 29 శాతం మంది "31 బస్సులు, శేషం 12" అని రాశారు. ఇంకో 18 శాతం 31 అని వదిలేశారు, 12 మంది సైనికులు రోడ్డు మీద నిలబడిపోయారు. "23 శాతమే సరైన జవాబు" అన్న ముక్క ఒక్కటే బయటపెట్టి ఉంటే జనం ఏమనుకునేవారు? పిల్లలకు భాగహారం రాదు, ఇంకో వెయ్యి భాగహారాలు చేయించండి అనేవారు. పిల్లలకు భాగహారం వచ్చు. చేసిన లెక్క దేని గురించో ఆలోచించడం రాలేదు. రెంటికీ మందు ఒకటి కాదు, రోగం తెలిసింది తప్పు జవాబుల వల్లే. మన బడి అల్మారాలో 40 ఓఎంఆర్ షీట్లు పెట్టుకుని కారణం కోసం తల్లిదండ్రుల వైపు చూడటం, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది.

కారణాల మాటొచ్చింది కాబట్టి, ఇంకోటి సర్క్యులర్‌లో కనబడలేదు. ఆ 40 మందికి లెక్కలు చెప్పే టీచర్ మధ్యలో రెండు నెలలు సెలవులో ఉన్నారు. ఆవిడ తప్పేం లేదు, ఆరోగ్యం బాగాలేదు, ఎవరికైనా అవుతుంది. భిన్నాల పాఠం వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. పాప నోట్సులో ఆ పేజీలు ఖాళీ. ఇది పిల్లలందరికీ తెలుసు. సర్క్యులర్ రాసినవారికి తెలియదా?

ఇప్పుడు గ్రూపుల గురించి. అప్పటి నాలుగో తరగతే ఇప్పుడు ఐదో తరగతి. ఏ గ్రూపంటే ఎలాగూ గట్టెక్కేవాళ్లు. బీ అంటే కొంచెం తోస్తే గీత దాటేవాళ్లు, మా పాప బీ. సీ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. పాపనే అడిగాను, ప్రాక్టీసులో ఏం చేస్తారమ్మా అని. "ఏ వాళ్లు వాళ్లంతట వాళ్లే చేసుకుంటారు. సీ వాళ్లకి మేడం వర్క్‌షీట్ ఇచ్చేసి మా దగ్గర కూర్చుంటారు" అంది. అందులో తప్పేమైనా ఉందని తను అనుకోవడం లేదు. క్లాసులో ఫ్యాన్ ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

దీన్ని మన బడే కనిపెట్టలేదు. అమెరికాలో టెక్సస్‌లోని ఒక ప్రాథమిక బడిలో జరిగిన ఇలాంటి వ్యవహారం గురించి జెనిఫర్ బూహర్-జెన్నింగ్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 2005లో వివరంగా రాసింది. యుద్ధంలో గాయపడ్డవాళ్లని వైద్యులు మూడు వరసలు చేసినట్టు అక్కడ పిల్లల్ని మూడు వరసలు చేశారు. ఎలాగూ బతికేవాళ్లు, చికిత్స చేస్తే బతికేవాళ్లు, లాభం లేనివాళ్లు. చికిత్సంతా మధ్య వరసకే. ఆ టీచర్లు దుర్మార్గులు కారు. పట్టికలో లెక్కకొచ్చేది గీత దాటినవాళ్ల సంఖ్య ఒక్కటే అయినప్పుడు 10 మార్కుల పిల్లను 18కి తేవడం వల్ల బడికి ఒరిగేదేమీ లేదు. 22 మార్కుల పిల్లను 24కి తెస్తే రెండున్నర శాతం. తెలివైనవాళ్లెవరైనా అదే చేస్తారు. అందుకే నా కోపం మా పాప టీచర్ మీద కాదు, ఆమెను ఆ లెక్కకు కట్టేసినవాళ్ల మీద. మీ మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉందని తెలుసు, అది కూడా కలుపుకునే అంటున్నాను.

గీత మహిమ ఎంతటిదో ఇంగ్లండులో ఒక తమాషా జరిగింది. 2012 నుంచి అక్కడ ఒకటో తరగతి పిల్లలకు అక్షరాల ధ్వనులు పలికే చిన్న పరీక్ష పెడుతున్నారు. 40 పదాలు చదవాలి, 32 సరిగ్గా పలికితే పాస్. వినేదీ, మార్కు వేసేదీ పిల్లల టీచరే. మొదటి రెండేళ్ల ఫలితాలు గ్రాఫు గీస్తే 31 దగ్గర బాగా తక్కువమంది, 32 దగ్గర ఒక్కసారిగా శిఖరం. 2014లో గీత ఎక్కడుందో ముందుగా చెప్పడం మానేశారు. శిఖరం తగ్గింది. పిల్లలు అవే అక్షరాలు, అవే శబ్దాలు చదువుతున్నారు. ఊరికే చెప్పడం లేదండీ, మన 24 చుట్టూ కూడా ఇలాంటి శిఖరం ఉందేమో ఒకసారి గ్రాఫు గీసి చూడండి.

ఇంతకన్నా ముదిరితే ఏమవుతుందో అమెరికాలోని అట్లాంటాలో చూశారు. జవాబు పత్రాల మీద తప్పును చెరిపి ఒప్పుగా దిద్దిన గుర్తులు వింతగా ఎక్కువగా ఉన్నాయని దర్యాప్తు మొదలుపెడితే, 44 బడుల్లో 178 మంది విద్యా సిబ్బంది పాత్ర ఉందని 2011 నివేదికలో తేలింది. ఇంకా పాత కథ కావాలంటే 1862లో ఇంగ్లండులోనే "ఫలితాన్ని బట్టి చెల్లింపు" అని ఒక పద్ధతి తెచ్చారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి పరీక్షిస్తాడు, చదవడం, రాయడం, లెక్కలు. పిల్లవాడు ఒక్కోదాంట్లో తప్పినకొద్దీ బడికి 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. చదవాల్సిన పుస్తకాన్ని పిల్లలతో మొత్తం కంఠతా పట్టించడం అప్పుడు మామూలైపోయింది. చరిత్ర, భూగోళం లాంటివి పక్కకు జరిగాయి. దాన్ని పూర్తిగా వదిలించుకోవడానికి 30 ఏళ్లకు పైగా పట్టింది. అంకెకు ఎంత అధికారం ఇస్తే అది అంత చెడిపోతుందని, తను కొలవాల్సినదాన్ని కూడా చెడగొడుతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970ల్లో చెప్పాడు. ఈ ముక్క మా ఆడిట్ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉంటాం.

లైబ్రరీ పీరియడ్ తీసేయడం గురించి ఒక్క మాట, ఇది చాలామందికి వెంటనే తోచదు. వచ్చే ఏడు పరీక్షలో భాష పేపరు కూడా ఉంది, అందులో సగం పేరా చదివి జవాబులు రాసేవే. పేరా అర్థం కావడం అంటే చదివే టెక్నిక్ అనుకుంటాం. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 64 మంది ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో ఒక బేస్‌బాల్ ఆట గురించిన పేరా చదివించారు. బాగా చదువుతారని పేరున్నవాళ్లు కొందరు, చదవడంలో వెనకబడ్డవాళ్లు కొందరు. ఈ రెండు రకాల పిల్లల్లోనూ సగం మందికి బేస్‌బాల్ గురించి బాగా తెలుసు, సగం మందికి తెలియదు. పేరాను బాగా అర్థం చేసుకున్నది ఆట తెలిసినవాళ్లు. ఆట తెలిసిన "వెనకబడ్డ" పిల్లలు, ఆట తెలియని "ముందున్న" పిల్లల్ని దాటేశారు. కాబట్టి పేరాల ప్రాక్టీసు ఎంత చేయించినా పేరాలో ఉన్న లోకం గురించి పిల్లలకు తెలియకపోతే మార్కు రాదు. ఆ లోకం వాళ్లకు దొరికేది కథల పుస్తకాల్లో, సైన్సు పాఠంలో, బొమ్మల ఎన్‌సైక్లోపీడియాలో. మీరు తాళం వేసిన గది అదే.

సీ గ్రూపు పిల్లలు ఎంతమందో నాకు తెలియదు గాని, వాళ్ల సంగతి వదిలి ఉత్తరం ముగించలేను. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ పిల్లల కోసం మొదటి తెలివి పరీక్ష తయారు చేసింది ఎవరికి అదనంగా సాయం కావాలో కనిపెట్టడానికి. 30 పనులు, తేలికైనది మొదలు కష్టమైనది దాకా, ఒక్కో పిల్లనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని. ప్రథమ్ సంస్థ 2005 నుంచి నడిపే అసర్ సర్వేలోనూ అంతే. ఇంటికెళ్లి, పిల్ల పక్కన కూర్చుని, అక్షరం, పదం, పేరా, కథ, ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టుకుంటారు. ఒక్కొక్కరికీ పట్టేది కొద్ది నిమిషాలే. సీ గ్రూపు పిల్లలకు మన బడి ఈ ఏడు ఇవ్వనిది ఆ కొద్ది నిమిషాలే. పరీక్ష పుట్టింది ఎవరి కోసమో వాళ్లకే వర్క్‌షీట్ ఇచ్చి దూరంగా కూర్చోబెడుతున్నాం.

శనివారం తల్లిదండ్రుల మీటింగ్ ఉంది కదా. సర్క్యులర్ వెనక్కి తీసుకోమని నేను అడగను, మీకు అది ఇబ్బందని తెలుసు. స్థాయి అందుకోని ఆ 16 మంది ఓఎంఆర్ షీట్లు, ప్రశ్నాపత్రం బయటికి తీసి ఉంచండి. పేర్ల మీద కాగితం అంటించేయండి, ఎవరివో మాకు అక్కర్లేదు. వరస తప్పిన గడులున్నాయేమో ముందు చూద్దాం. తర్వాత ఏ ప్రశ్న ఎంతమంది తప్పారో, ఏ తప్పు జవాబు ఎక్కువమంది దిద్దారో ఒక చార్టు మీద రాద్దాం. రెండు గంటల పని. నాతోపాటు ఇంకో ముగ్గురు తల్లులు, ఒక తాతగారు వస్తామన్నారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, కళ్లజోడు పెట్టుకుంటే ఇంకా బాగానే చూడగలరు.

భిన్నాల బిట్లు చాలామంది తప్పారని తేలితే ప్రాక్టీసు పీరియడ్లలో ఒక్క వారం భిన్నాలే చెప్పించండి, టీచర్ గారికి బోర్డు ఇచ్చి, మోడల్ పేపర్లు పక్కన పెట్టి. ఆ వారం ఏ, బీ, సీ అందరూ కలిసే కూర్చోవచ్చు, 1/8 అందరికీ ఒకటే. తప్పులు ఇంకెక్కడో ఉన్నాయని తేలితే నేను చెప్పిందంతా మార్చుకుంటాను, నాకేం పంతం లేదు. ఇక మీదట ఫలితాలు పంపేటప్పుడు శాతం పక్కన పిల్లల సంఖ్య, పరీక్ష రోజు రానివాళ్ల సంఖ్య, అదే పిల్లలు కిందటేడు ఎక్కడున్నారన్న వివరం కూడా రాయించండి. అవి రాసి ఉంటే ఈ ఉత్తరం రాసే పని నాకు ఉండేది కాదు.

లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుందో కూడా శనివారం చెప్పండి. మంగళవారం నుంచి పాప అడుగుతోంది, సగం చదివిన పుస్తకం ఒకటి లోపల ఉండిపోయిందట.

కాగితం పట్టీలు, స్కేలు నేను తెస్తాను.

ఇట్లు,
ఐదో తరగతి, బీ గ్రూపు విద్యార్థిని తల్లి